తమ్ముడి భుజాల మీది దుప్పటి

ఈ పూట చెప్పేస్తాను, పడుకోగానే చెప్పేస్తాను అనుకుంటూ ఆసుపత్రి మెట్లెక్కాను. బూట్లు విప్పాను, కోటు మేకుకి తగిలించాను, చెక్కపీట మీద కాలు పెట్టి ఈ ఎత్తుమంచం ఎక్కి వెల్లకిలా పడుకున్నాను. పావుగంట అయి ఉంటుంది. ఇంతసేపట్లో నా నోటినుంచి వచ్చింది ట్రాములో జనం కిక్కిరిసి ఉన్నారనీ, వీధిలో మంచు కరిగి బురద అయిందనీ, ఈ రెండు ముక్కలే. తలవెనక కుర్చీలో కూర్చున్న డాక్టర్ ఫైగెల్ రెండింటికీ "ఊఁ" అంది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషి, నా కూతురు రెజి కన్నా చిన్నది, ఒళ్ళో నోటుపుస్తకం, చేతిలో పెన్సిలు. మనిషిని వెనక కూర్చోబెట్టుకుని మాట్లాడటం నాకు కొత్త కాదు, నలభై రెండేళ్ళు ఈ వియన్నాలో జంటగుర్రాల బండి తోలాను. వెనకవాడి ముఖం చూడనక్కర్లేదు, ఏ కథకి నవ్వుతాడో ఏ కథకి కునుకు తీస్తాడో వాడి ఊపిరే చెబుతుంది. స్టేషన్లో ఎక్కి అత్తగారింటికి ఏడుస్తూ వెళ్తున్న మనిషిని కూడా వంతెన దాటేలోపల నవ్వించి దించేవాణ్ణి. ఈమె ఊపిరి ఈ పూట తేలిగ్గా ఉంది, సంతోషంగా ఉంది. అదే నా చెవులు కాలిపోయేలా చేస్తోంది. కోపంగా ఉన్నవాళ్ళకి నిజం చెప్పడం సులువు, సంతోషంగా ఉన్నవాళ్ళకి ఎలా చెప్పడం?

చెప్పాల్సింది ఒక్క వాక్యం. డాక్టరమ్మా, ఆ కలలు నావి కావు. అంతే. పదకొండు వారాలుగా నేను చెప్పిన పదకొండు కలల్లో ఒక్కటీ నేను కన్నది కాదు. ఎలా కంటాను, కలలు రావాలంటే పడుకోవాలి, నేను మంచం మీద పడుకుని మూడేళ్ళయింది. మా ఆవిడ పోయిన దగ్గర్నుంచి వంటింటి కుర్చీలోనే కూర్చుని రాత్రి గడుపుతున్నాను. రాత్రి మంచం మీద వాలితే చాలు, గుండె గుర్రంలా తన్నుతుంది. ఆవిడ ఉన్నప్పుడూ కంటిమీద కునుకు లేదు, పుట్టినప్పట్నుంచీ నాకు పడక పడదు, బండి తోలే రోజుల్లో తోలేవాడి పీట మీదే కూర్చుని నిద్రపోయేవాణ్ణి, అది వృత్తి అలవాటు అని అందరికీ చెప్పి నవ్వించాను. మోటార్లు వచ్చి నా బండి పోయాక ఆ సాకు పోయింది. శీతాకాలం మొదట్లో కుర్చీలోంచి దొర్లి పడి పొయ్యి అంచుకి తల కొట్టుకుంటే రెజి ఏడ్చింది. "నాన్నా, నువ్వు జోకులెయ్యకు, ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే," అంది. ఒళ్ళు చూసే డాక్టర్లు ఒంట్లో ఏమీ లేదన్నారు, మనసు చూసే ఈ ధర్మాసుపత్రికి పంపారు. ఇక్కడి పెద్దలు ముసలి మనసు తోలు బిగిసిపోయి ఉంటుంది, వంగదు అన్నారట. అందుకే నన్ను ఇంకా నేర్చుకుంటున్న ఈమెకి అప్పగించారు. మేమూ అంతే, కొత్తగా పగ్గం పట్టేవాడికి ఇంట్లో ఉన్న ముసలి గుర్రాన్నే ఇచ్చేవాళ్ళం, అది ఎలాగూ పరిగెత్తదు కనక.

మొదటి రోజు ఈమె పద్ధతి చెప్పింది. మనసులోకి ఏదొస్తే అది చెప్పాలి, ఇది మంచిది ఇది చెడ్డది అని ఏరకూడదు, ఇది సిగ్గు అని దాచకూడదు, కలలు వస్తే అవి ముందు చెప్పాలి, చిన్నప్పటివి గుర్తొస్తే అవీ చెప్పాలి. మనిషి చిన్నప్పుడే తయారైపోతాడట, పైన పెరిగేదంతా గోడలూ కప్పూనట. నోటుపుస్తకంలో కొత్త పేజీ తెరిచిన చప్పుడు విన్నాను. కల ఏదైనా వచ్చిందా అని అడిగింది. లేదు అనాలి. కాని ఆ పేజీ ఖాళీగా ఎదురుచూస్తోంది, ఇంటికొచ్చిన చుట్టానికి కాఫీ అయినా ఇవ్వకుండా పంపినట్టు అనిపించింది. "వచ్చింది డాక్టరమ్మా," అన్నాను, "డాన్యూబ్ మీద పడవలో పోతున్నాను, తెరచాప కట్టాల్సిన చోట పెళ్ళివిందు బల్లగుడ్డ కట్టి ఉంది, దాని మీద సూపు మరకలు కూడా ఉన్నాయి." పెన్సిలు పరిగెత్తింది. ఆ చప్పుడు! నలభై రెండేళ్ళు వెనకనించి నవ్వులు విన్నాను కాని, నా మాటని ఎవరైనా రాసుకుంటున్న చప్పుడు అదే మొదటిసారి. మరో వారం గుర్రానికి పెళ్ళికూతురి ముసుగు కప్పాను. మరో వారం సంత మధ్యలో ఒక్కడి భుజాల మీదే మంచు కురిపించాను. సారా కొట్లో పాత బండివాళ్ళందరికీ చెప్పుకుని మురిశాను కూడా. "ఏరా ఓత్మార్, ఈ వారం డాక్టరమ్మకి ఏం వండిపెట్టావ్?" అని లోయిస్ అడగడం, నేను వడ్డించడం, వాళ్ళు బల్ల మీద కొట్టి నవ్వడం.

ఇప్పుడు నవ్వేం మిగల్లేదు. పోయిన వారం ఈమె గొంతు సవరించుకుని చెప్పింది, నా కలల మీద పెద్ద వ్యాసం రాసిందట. వచ్చే బుధవారం సాయంత్రం తన పెద్దలందరి ముందూ చదువుతుందట, అది వాళ్ళకి నచ్చితే ఈమె పూర్తి డాక్టరు అవుతుంది, నచ్చకపోతే ఇంకెన్నాళ్ళు నేర్చుకోవాలో. వచ్చే బుధవారం అంటే ఇవాళే. నిన్న కొట్లో లోయిస్ గ్లాసు దించకుండానే అన్నాడు, "ఒరేయ్, ఆ సభకి పోయే గడ్డపాయన ఎక్కేది నా బండేరా. మోటారంటే పడదు ఆయనకి. దారిలో నీ పెళ్ళికూతురు గుర్రం సంగతి చెప్తా, చూడు." వద్దురా అన్నాను. "ఏం వద్దు? ఇంత మంచి కథ కడుపులో దాచుకుని చావమంటావా?" అన్నాడు. వాణ్ణి ఏమని తిట్టను, వాడికి ఆ రుచి మప్పింది నేనే. ఇక సాయంత్రం ఈ పిల్ల కాగితాలు పట్టుకుని లేచి నిలబడుతుంది, ముందు వరసలో గడ్డపాయన పక్కవాడి చెవిలో ఏదో చెబుతాడు, ఆ పక్కవాడు ఇంకో పక్కవాడికి, నవ్వు వరసలు దాటుకుంటూ వెనక్కి పోతుంది, ఈమె తలెత్తి చూస్తుంది, ఎందుకు నవ్వుతున్నారో తెలియదు. పదిమంది నవ్వుల మధ్య ఎందుకో తెలియకుండా నిలబడటం. అలా నిలబడ్డ ముఖం ఒకటి నాకు తెలుసు. ఎవరిదది?

మైనపు గుడ్డ వాసన. ఈ మంచం మీద దుప్పటికింద మైనం పూసిన గుడ్డ పరిచి ఉంటుంది, ఆసుపత్రి మంచం కదా. ఒళ్ళు వేడెక్కిన కొద్దీ దాని వాసన పైకొస్తుంది. మా అమ్మ సంతలో ఇలాంటిదే కొనుక్కొచ్చింది, ఫ్లోరి పక్కకింద వెయ్యడానికి. మా తమ్ముడు ఫ్లోరియన్ కథ చెప్పకుండా మా ఇంట్లో పండగ గడవదు. మాది ఉత్తరాన చలికొండల్లో చిన్న ఊరు, నాన్న మగ్గం మీద నారబట్ట నేసేవాడు. కింద మగ్గం, పైన అటక మీద మేము, నాకూ ఫ్లోరికీ కలిపి ఒకటే మంచం. నాకు ఏడేళ్ళు, వాడికి ఐదు. ఒక చలికాలం ఆదివారం పొద్దున వాడు పక్క తడిపాడు. మా ఊళ్ళో చర్చి గోడమీద సెయింట్ ఫ్లోరియన్ బొమ్మ ఉంది, చేతిలో బొక్కెన, మండుతున్న ఇంటిమీద నీళ్ళు కుమ్మరిస్తూ ఉంటాడు. అగ్గినుంచి కాపాడే దేవుడు. ఇక చూస్కోండి, మా తమ్ముడి పేరుకీ పనికీ కుదిరింది! ఆ రాత్రి మంచంనుంచి ఏరు పారిందనీ, మగ్గం తేలి వీధిలోకి వచ్చిందనీ, పూజారి బాతులు మూడు మా అటక మీద ఈత కొట్టాయనీ, ఆ తర్వాతి వేసవిలో పక్క ఊళ్ళో గడ్డివాము అంటుకుంటే నీళ్ళ బండి బదులు మా ఫ్లోరిని దుప్పటితో సహా మోసుకుపోయారనీ. ఈ కథ నేను ఎన్నిసార్లు చెప్పానో. పెళ్ళిళ్ళలో చెప్పాను, చావువిందుల్లో చెప్పాను, బండిలో ఎక్కిన ముక్కూముఖం తెలియనివాళ్ళకి చెప్పాను. ఊళ్ళో ఆన్‌మరీ అని పాలకొట్టు పిల్ల ఉండేది, ఫ్లోరి దానికోసం రెండేళ్ళు ఆదివారాలు చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు. కోతలయ్యాక జరిగే ఆటపాటల్లో వాడు దాని పక్కన కూర్చుని ఉంటే, సెలవుకి పట్నంనించి వచ్చిన నేను బాతుల దగ్గర్నించి మొదలుపెట్టాను. ఆ పిల్ల నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది. ఆ తర్వాతి ఏడు మిల్లువాడి కొడుకుని చేసుకుంది. ఫ్లోరి ఎవర్నీ చేసుకోలేదు. ఈ రెంటికీ సంబంధం ఉందని నేనెప్పుడూ అనుకోలేదు, ఇప్పుడు ఎందుకు పక్కపక్కన వస్తున్నాయి? పోయిన ఈస్టరుకి వాడు రెజి ఇంటికి వచ్చాడు, అరవై ఐదేళ్ళు, నేసీ నేసీ వీపు వంగిపోయింది. భోజనాలయ్యాక పిల్లలు కథ కథ అంటే నేను ఎందుకో జంకాను, వాడే అన్నాడు, "చెప్పన్నయ్యా, బాతుల కథ చెప్పు. నువ్వు చెబితేనే బావుంటుంది." చెప్పాను. అందరికన్నా ముందు వాడే నవ్వాడు.

"ఎక్కడో ఆగారు," అంది వెనకనుంచి డాక్టర్ ఫైగెల్.

"ఏం లేదు డాక్టరమ్మా. మంచం గట్టిగా ఉంది."

"లేచేటప్పుడు ప్రతిసారీ అరచేత్తో ఆ మంచాన్ని తడిమి చూస్తారు, హైడర్ గారూ. ఎందుకని?"

"బండివాణ్ణి కదమ్మా. ఎక్కినవాళ్ళు దిగేటప్పుడు చేతిజోళ్ళు మర్చిపోతారు, తడిమి చూసుకోవడం అలవాటు."

"చేతిజోళ్ళు," అంది. రాసుకోలేదు. గొంతులో సంతోషం దాచుకోలేక, "ఒకటి చెప్పనా? చెప్పకూడదు, అయినా చెప్తాను. మీ పదకొండు కలల్లోనూ ఒక తెల్లగుడ్డ ఉంది. తెరచాప, ముసుగు, మంచు. అన్నిట్లోనూ. ఒక్కసారి కూడా అది మీమీద లేదు, ఎప్పుడూ ఇంకొకరి మీదే ఉంది. నా వ్యాసం మొదలయ్యేది అక్కడే," అంది.

తెల్లగుడ్డా? నేను పెట్టలేదే. అందంగా ఉంటుందని ఏదో ఒకటి కప్పాను, గుర్రానికి ఏదో ఒకటి కప్పాలి కదా. వరసగా లెక్కపెట్టుకున్నాను, బల్లగుడ్డ, ముసుగు, మంచు, బిషప్పు మెడకి కట్టిన చేతిగుడ్డ, ఆరేసిన చొక్కా, నిజమే, అన్నిట్లోనూ ఉంది. కట్టుకథలోకి నాకు తెలియకుండా ఎవరు తెచ్చి పడేశారు? వీపుకింద మైనపు గుడ్డ వేడిగా ఉంది, వేడిగా ఉండి చల్లబడుతోంది, ముందు వేడి, తర్వాత చల్లదనం, ఆ వరస నాకు తెలుసు, అది చూసేవాడికి తెలిసే వరస కాదు. ఇక ఆగకూడదు, చెప్పేయాలి, ఒక్క వాక్యం, ఆ కలలు నావి కావు, నోరు తెరిచాను.

"డాక్టరమ్మా, ఆ దుప్పటి వాడిది కాదు."

పెన్సిలు ఆగింది. నేనూ ఆగాను. నేను అనాలనుకున్నది అది కాదు.

"ఏ దుప్పటి?" అంది నెమ్మదిగా. "ఎవడిది కాదు?"

ముందు వేడి, తర్వాత చల్లదనం. అటక మీద ఇంకా వెలుగు రాలేదు, కింద నాన్న దగ్గుతున్నాడు, కిటికీమీద మంచుపూలు. నా చొక్కా తొడలకి అంటుకుని ఉంది. నాది. నా చొక్కా. మూడు రోజుల కిందటే నాన్న అన్నాడు, ఇంకొక్కసారి నారదుప్పటి పాడుచేశావా, అది కప్పి చర్చి ముందు నిలబెడతానని. అన్నది నాతోనే. ఫ్లోరికి ఆ అలవాటే లేదు, మైనపు గుడ్డ అమ్మ కొన్నది నాకోసం. వాడు గోడవైపు పొడిగా, వెచ్చగా, పిల్లికూనలా ముడుచుకుని నిద్రపోతున్నాడు. నేను లేచి వాడి మీదుగా పాకి గోడకీ వాడికీ మధ్య దూరాను, రెండు కాళ్ళూ గోడకి ఆనించి వీపుతో నెట్టాను, కొంచెం కొంచెంగా, బస్తాని నెట్టినట్టు, వాణ్ణి తడిలోకి నెట్టాను. చొక్కా విప్పి మంచం కిందకి తోశాను. అప్పుడు వాడు కళ్ళు తెరిచాడు. తెరిచి నన్ను చూశాడు. తడిని చేత్తో తాకాడు, మళ్ళీ నన్ను చూశాడు, ఏమీ అనకుండా కళ్ళు మూసుకున్నాడు. నాన్న నిచ్చెనెక్కి తల పైకి పెట్టి "ఎవడ్రా?" అన్నాడు. "ఫ్లోరి," అన్నాను. నాన్న నమ్మనట్టు చూశాడు. భయంతో నాలుక ఎక్కడ దొరికిందో, "సెయింట్ ఫ్లోరియన్ గారు మంటలార్పారు నాన్నా," అన్నాను. నాన్న నవ్వాడు. మా నాన్న నవ్వగా అంతకుముందు నేను చూడలేదు, పైపన్నుమీద బంగారు చుట్టు ఉందని ఆవేళే తెలిసింది. నా మాటకి నవ్వాడు. నవ్వుతూనే తమ్ముడి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, పూజ వదిలే వేళకి గుర్రాల తొట్టి పక్కన నిలబెట్టి, తడిదుప్పటి భుజాల మీద కప్పాడు. అది గడ్డకట్టి పలకలా నిలబడింది. జనం బయటికి వచ్చారు. నేను వాళ్ళ మధ్య నిలబడి అదే మాట మళ్ళీ చెప్పాను. ఈసారి బాతుల్ని కూడా కలిపాను. వాడు ఏడవలేదు. నావైపే చూస్తూ నిలబడ్డాడు.

ఎక్కడ దాచాను దీన్ని? అబద్ధమని తెలిసి చెప్పినవాణ్ణయినా కాను, పెళ్ళిళ్ళలో చెప్పేటప్పుడు నా కంటికి కనిపించేది తడిపిన ఫ్లోరే. బాతులు అబద్ధమని తెలుసు కాని ఫ్లోరి సంగతీ అబద్ధమేనని మరిచాను. ఆ రాత్రి మొదలు పక్కమీద నేను నిద్రపోలేదు, నిద్రపోతే తడుపుతానని. ఈ సంగతంతా తల ఇటు తిప్పకుండా, పైకప్పుకి చెప్పాను, నవ్వించే మాట ఒక్కటీ లేకుండా. వింటున్న ఊపిరి మారలేదు.

"మీ తమ్ముడికి తెలుసా?" అంది చివరికి.

"వాడికి తెలియకపోవడమేమిటమ్మా? ఆ మంచంలో ఉన్నది ఇద్దరమే కదా. నేను మరిచాను, వాడికి మరిచే వీలెక్కడిది?" అరవై ఏళ్ళు. చెప్పన్నయ్యా, నువ్వు చెబితేనే బావుంటుంది. ఆ మాట అన్నప్పుడు వాడు నా ముఖంలోకే చూశాడు. నేను ఎప్పటికైనా ఆ చోటికి వచ్చేసరికి ఆగుతానేమోనని, ఈసారైనా ఆగుతానేమోనని, అందుకా అడిగింది? అడిగిన ప్రతిసారీ నేను బాతుల్ని దింపాను, వాడు ముందుగా నవ్వాడు, ఇంకెవరూ నా ముఖం చూడకముందే. నా కళ్ళనించి నీళ్ళు చెవుల్లోకి పోతున్నాయి, వెల్లకిలా పడుకుని ఏడిస్తే ఇంతే, తుడుచుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

"ఇంకొకటి కూడా ఉంది," అన్నాను. "ఇది మీ మీద కప్పింది. ఆ కలలు నేను కన్నవి కావు. పదకొండూ కల్పించాను."

ఈసారి ఊపిరి మారింది. కారిడార్లో ఎవరో బొక్కెన దించిన చప్పుడు.

"పెళ్ళికూతురి ముసుగు వేసుకున్న గుర్రం కూడానా?"

"అదీను."

"అదంటే నాకు చాలా ఇష్టం," అంది. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. తర్వాత గట్టిపడింది. "ఎవరెవరికి తెలుసు?"

లోయిస్ సంగతి చెప్పాను. గడ్డపాయన సంగతి, కొట్లో బల్లమీద కొట్టిన చేతుల సంగతి, ఏదీ దాచలేదు. "మీరు ఊఁ అంటే సాయంత్రం నేనే వస్తాను, వాళ్ళందరి ముందూ నిలబడి తప్పు నాది, ఈమెది కాదు అంటాను."

"రానివ్వరు," అంది. "ఆ గదిలోకి రోగులు రారు. మీకోసం నేను, నాకోసం మీరు నిలబడే చోటు కాదది." కాగితాలు మడిచిన చప్పుడు, ఒకటి, రెండు, చాలా కాగితాలు. ఏ మూడు నెలల పనో. నాకు తిట్టు కావాలనిపించింది. ఆమె తిట్టలేదు. ముక్కు చీదుకుంది, నోటుపుస్తకంలో పేజీ తిప్పింది. "ఈ వ్యాసం ఇక చదవను. సాయంత్రానికి ఇంకా పది గంటలుంది. ముసలాయన నన్ను పదకొండు వారాలు మోసం చేశాడని మొదటి వాక్యం రాస్తాను, నవ్వేవాళ్ళు అక్కడే నవ్వుకుంటారు. ఆ తర్వాత ఈ పూట జరిగింది రాస్తాను. మీరు ఒప్పుకుంటేనే."

"రాయండి," అన్నాను. 

"మా పద్ధతిలో రోగి పేరు రాయకూడదు, మార్చాలి. ఎవరూ గుర్తుపట్టకూడదు. ఏం పేరు పెట్టమంటారు?"

"ఫ్లోరియన్," అన్నాను.

ఆలోచించలేదు. ఆమె అడిగింది, నోరు ఇచ్చింది, అంతే, అటక మీద నాన్న అడిగినప్పుడు ఇచ్చినట్టే, అంత తడుముకోకుండా. పెన్సిలు మొదటి అక్షరం గీసిన చప్పుడు విన్నాను. ఒళ్ళంతా చల్లబడింది. పదకొండు వారాల్లో ఎప్పుడూ చెయ్యని పని చేశాను, మోచేతి మీద లేచి వెనక్కి తిరిగి ఆమె ముఖం చూశాను. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"కొట్టేయండి," అన్నాను. "ఆ పేరు కొట్టేయండి. ఓత్మార్ అని రాయండి."

"అది మీ అసలు పేరు కదా, హైడర్ గారూ. మార్చాలని చెప్పానుగా."

"ఆ దుప్పటి కథలో నా పేరు మార్చే ఉంది కదమ్మా," అన్నాను, "అరవై ఏళ్ళుగా."